మచ్చు చూసే చెయ్యి

మునిగుడ వర్తక సంఘం కార్యదర్శి మన్మథరావు మొన్న సునాబెడలో మా క్వార్టరుకి స్వయంగా వచ్చి కూర్చున్నాడు. సంఘం పెట్టి పాతికేళ్ళయిందట. ఓ పుస్తకం వేస్తున్నారట. పాత వర్తకుల జీవితాలు అందులో వస్తాయట. మా బావ ఢిల్లీశ్వరరావు గురించి నేను రాయాలట. "మీరు సదువుకున్నోరు, పైగా మరదలు. మీకన్నా ఎవరికి తెలుస్తాదమ్మా? నాలుగు మంచి మాటలు రాస్తే సాలు," అన్నాడు. నాలుగా! మంచివా! కాఫీ ఇచ్చి పంపేదాకా నవ్వు ఎలా ఆపుకున్నానో నాకే తెలుసు. నాకు తెలిసింది రాస్తాను. పుస్తకంలో వేసుకుంటారో, పొయ్యిలో వేసుకుంటారో వాళ్ళిష్టం.

బావ అంటే మా అప్ప సూర్యావతి మొగుడు. అప్ప నాకన్నా ఆరేళ్ళు పెద్ద. మాది రాజాం దగ్గర పల్లె, వాళ్ళదీ అటువైపే. బావ మీసాలు రాకముందే మేనమామ కొట్లో పనికి ఒడియా గడ్డ మీదున్న మునిగుడ వచ్చాడు. మామకి పిల్లల్లేరు, ఆయన పోయాక కొట్టు ఈయనదే అయింది. స్టేషను వీధిలో ముందు కొట్టు, వెనక ఇల్లు. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, ఇప్పపువ్వు, కొండ మీంచి ఏది దిగితే అది కొనడం, రైలెక్కించి పార్వతీపురానికో విజయనగరానికో పంపడం. ఇంతే ఆయన జీవితం. ఇందులో గొప్పతనం ఎక్కడుందో మన్మథరావు చెప్పాలి.

ముందు పెళ్ళి సంగతి చెబుతాను. పీటల మీద కూర్చుని, మా నాన్న పెట్టిన ఉంగరాన్ని పెళ్ళికొడుకు గచ్చుకేసి గీశాడు. పంతులుగారు మంత్రం ఆపేశారు. మా నాన్న మొహం పాలిపోయింది. "ఏటి బాబూ అది?" అని మా అమ్మ అడిగితే, "మరేటి లేదత్తా, మచ్చు సూసేను," అన్నాడు నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వేశారు. కుర్రాడు వ్యాపారంలో గట్టివాడని మురిసిపోయారు. నేనప్పటికి పరికిణీలు కట్టుకునే పిల్లని. అయినా నాకు ఆ చెయ్యి నచ్చలేదు.

ఆ చెయ్యి గురించి చెప్పకపోతే మా బావ గురించి ఏమీ చెప్పనట్టే. పొట్టి వేళ్ళు, గోళ్ళ కింద ఎప్పుడూ పసుపు. మునిగుడ సంతరోజున కొండజాతి కోదుల ఆడవాళ్ళు చీకటితో కొండ దిగి, నెత్తిమీద చింతపండు బుట్టలతో వచ్చేవారు. బుట్ట కిందికి దించీ దించకముందే మా బావ చెయ్యి అందులోకి మోచేతిదాకా దిగిపోయేది. "దెఖిబా, దెఖిబా," అనేవాడు ఒడియాలో. చూద్దాం చూద్దాం అని. బుట్ట అడుగునుంచి పిడికెడు పైకి లాగి, పిసికి, వాసన చూసి, ఓ రెబ్బ నాలిక్కి తగిలించి, "తడుంది," అనేవాడు. ఎండాకాలంలోనూ తడే, కరువులోనూ తడే. సరే, ధర తగ్గించడానికి వర్తకుడు ఏదో ఒకటి అంటాడనుకుందాం. కానీ ఆ పిడికెడు తిరిగి బుట్టలోకి వెళ్ళేది కాదు. గల్లాపెట్టె పక్కనున్న రేకు డబ్బాలోకి పోయేది. ఆ తరవాతే కాటా. మచ్చు అంటే నాణ్యం చూడడానికి తీసేదనే నేను చదువుకున్నాను. మా బావ దగ్గర మచ్చు అంటే డబ్బా నిండడం.

ఆ డబ్బా మధ్యాన్నానికి వెనక వసారాలోకి వచ్చేది. అక్కడ మా అప్ప కూర్చుని పిక్కలు తీసేది. చెప్పుల్లేని కాళ్ళు చాపుకుని, చుట్టూ పిక్కలు, పెంకులు, ఈనెలు. నేను ఎప్పుడు వెళ్ళినా అదే చోట. "ఎందుకే అప్పా, ఈ దొంగసరుకు శుభ్రం చెయ్యడం?" అంటే నవ్వేది. "మరేటి సెయ్యనే అమ్మీ. ఈ ఇంట్లో నాను తిన్న కూడంతా మచ్చుకూడే," అనేది. మా అప్పకి వేళాకోళం ఎక్కువ. ఆ ఇంట్లో అదొక్కటే ఆవిడ సొంత ఆస్తి.

బయట కొన్న వస్తువు మీద కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. తొంభయ్యారులో క్రికెట్టు పోటీల కోసం వీధిలో అందరికన్నా ముందు రంగుల టీవీ కొన్నాడు. కొన్నవాడు చూసుకోవచ్చు కదా! కంపెనీ సీలు పీకి, వెనక మూత విప్పి, లోపల సామాను కొత్తదో పాతదో అని టార్చిలైటు వేసి వెతికాడు. నెల తిరక్కుండా బొమ్మ పోయింది. సీలు తీశారు కనక మాకు సంబంధం లేదన్నాడు కంపెనీ మనిషి. "సూసేవా, లోపలంతా పాత సరుకే," అన్నాడు మా బావ నాతో, గెలిచినవాడిలా. అప్పకి షుగరుందని తేలాక రాయగడ డాక్టరు మాత్రలు రాశారు. అందులో ఒక గొట్టం మాత్ర విప్పి, లోపలి పొడి అరచేతిలో పోసుకుని నాకి చూశాడు. "సేదుగున్నాది. మంచి సరుకే," అని మిగతావి ఆవిడకిచ్చాడు. అప్ప నీళ్ళగ్లాసు పట్టుకుని అంతసేపూ నిలబడే ఉంది.

ఈ మనిషికి సీలు మీద అంత అనుమానం దేనికని చాలాకాలం అనుకున్నాను. ఒక వేసవిలో తెలిసింది. కొట్టు తలుపులు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. ముందు కొవ్వొత్తి, చేతిలో హాక్సా బ్లేడు. నిరుటి పసుపుపొడి, రంగు చచ్చినది, ఈ ఏటి పొడిలో కలిపి ప్లాస్టిక్ సంచుల్లో పోస్తున్నాడు. సంచీ మూతిని బ్లేడు మీదుగా మడిచి కొవ్వొత్తి మంట మీద అలా లాగితే చాలు, అతుక్కుపోతోంది. ఎంత చక్కగా అతికిస్తాడని! కంపెనీ మిషను కూడా అలా అతికించలేదు. దాని మీద 'కొత్త పంట' అని చీటీ. అప్పుడర్థమైంది నాకు. తన సీలు ఎంత అబద్ధమో తనకి తెలుసు కదా, ఇక లోకంలో ఏ సీలుని నమ్ముతాడు? ఛీ అనుకుని వెనక్కి వచ్చేశాను.

రెండువేల ఎనిమిది వానాకాలంలో అప్ప కుడికాలి చిటికెనవేలికి చింతపిక్క పెంకు గుచ్చుకుంది. షుగరు మనిషి కదా, గుచ్చుకున్నట్టే తెలియలేదు. తెలిసేసరికి పుండైంది. బావ వైద్యం మొదలుపెట్టాడు. ఏం వైద్యం? కొట్లో పసుపు తెచ్చి అద్దడం. అది ఏ ఏటి పసుపో ఆయనకీ, ఆయన కొలిచే మజ్జిగౌరమ్మకీ తెలియాలి. వేలు నల్లబడిందని తెలిసి నేను సునాబెడ నుంచి పరిగెత్తాను. నోటికొచ్చినట్టు తిట్టి, అప్పని విశాఖపట్నం లాక్కుపోయాను. ఆయన వెనకాలే వచ్చాడు, సంచీలో అటుకులు కట్టుకుని.

అక్కడ డాక్టరు చంద్రశేఖరంగారు నిదానస్తుడు. కాలికి నెత్తురు తీసుకెళ్ళే రక్తనాళం మోకాలి కింద మూసుకుపోయిందన్నారు. తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టం లోపలికి పంపి, దాని చివరనున్న బెలూన్‌ని మూసుకున్నచోట ఊది దారి తెరిచారు. కాలు వెచ్చబడింది. అప్ప నడుచుకుంటూ ఇంటికొచ్చింది. కానీ అయిదు నెలలకే మళ్ళీ కాలు చల్లబడింది, పుండు మళ్ళీ నోరు తెరిచింది. రెండో వేలు కూడా నల్లబడుతోంది. మళ్ళీ విశాఖపట్నం.

"రక్తనాళం గోడకి గాయమై, అది మానేటప్పుడు కండ పెరిగి దారి మూసేసిందమ్మా," అన్నారు డాక్టరుగారు. "ఇప్పుడు కొత్తరకం బెలూన్ వస్తోంది. దానిమీద మందు పూసి ఉంటుంది. లోపల ఊదినప్పుడు ఆ మందు రక్తనాళం గోడకి అంటుకుంటుంది. బెలూన్‌ని బయటికి తీసేస్తాం, మందు మాత్రం అక్కడే ఉండి మళ్ళీ కండ పెరక్కుండా చూస్తుంది. ఖరీదెక్కువే. కానీ ఈ కాలు నిలబడాలంటే నాకు ఇదొక్కటే దారి కనిపిస్తోంది."

"లేకపోతే?" అన్నాను.

"మోకాలి కింద తీసెయ్యాలి."

అప్ప తన కాలు వైపు చూసుకుంది. ముందుగా నోరు విప్పినవాడు మా బావే. "ఆ పూత ఎలాగుంటాది బాబూ? ఓ మచ్చు సూపించండి," అన్నాడు.

నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. డాక్టరుగారు మాత్రం నవ్వి, "చూపించడానికి విప్పితే ఇక పనికిరాదండీ. ఆపరేషను బల్ల మీద, కావలసినప్పుడే విప్పుతాం," అన్నారు. విన్నాడు. చెవులారా విన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ బెలూన్ ఆసుపత్రిలో ఉండదు. విశాఖలోని డీలరు తెప్పించి, ఆపరేషను రోజున నేరుగా తన మనిషితో పంపిస్తాడు. అందరికీ అదే పద్ధతి. మా బావకి ఆ పద్ధతి నచ్చలేదు. ఒకరికి వాడినదాన్నే కడిగి ఇంకొకరికి వాడతారని రాయగడ బస్సులో ఎవడో చెప్పాడట. డాక్టరు చెప్పింది చెవికెక్కదు గానీ, బస్సులో వాడు చెప్పింది వేదం! డీలరు దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు. "సరుకు నా సేతికియ్యాల. నా సేత్తో నానే అట్టుకెల్తాను," అని గుమ్మంలో బైఠాయించాడు. చివరికి ఆ డీలరు విసిగిపోయి, సీలు తియ్యొద్దు, తడి తగలనివ్వొద్దు అని పదిసార్లు చెప్పి పెట్టె ఇచ్చేశాడు. ఆపరేషను మంగళవారం. మా బావ ఆ పెట్టెని విశాఖలో ఉంచాడా? లేదు. చంకలో పెట్టుకుని రైలెక్కి మునిగుడ తెచ్చాడు.

ఎందుకంటే ఆ ఇంటి ఆనవాయితీ అది. కొత్త కాటా వచ్చినా, కొత్త తాళం వచ్చినా, ఆఖరికి కొట్టు ఊడ్చే చీపురు వచ్చినా ఒక రాత్రి గల్లాపెట్టె మీద, మజ్జిగౌరమ్మ పటం ముందు ఉండాలి. తెల్లారి పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టాకే వాడకం. అది మామ నాటి అలవాటు. నేను దాన్ని తప్పుపట్టను. అప్ప దగ్గర ఉండడానికి నేను అప్పటికే మునిగుడ వచ్చి ఉన్నాను. పెట్టె గల్లా మీద పెడుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"బావా, పెట్టె మీద బొట్టు పెట్టు. లోపల సెయ్యి పెట్టకు," అన్నాను.

"నాకు తెల్దేటే అమ్మీ? నానేటి సిన్నపిల్లోడినా?"

"గౌరమ్మ మీద ఒట్టెయ్యి."

"ఒట్టెందుకు, నాను సెప్తన్నాను కదా," అన్నాడు. అమ్మవారంటే భయం మాత్రం ఉంది మహానుభావుడికి.

తెల్లారి నేను వెనక వసారాలో అప్ప కాలికి కట్టు మారుస్తున్నాను. ముందు గదిలో గంట మోగింది, సాంబ్రాణి వాసన వచ్చింది. కాసేపటికి పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత మీద పసుపు, నడుమ కుంకంబొట్టు. మూత మూసే ఉంది. ముగ్గురం రైలెక్కాం. దారంతా అప్ప కిటికీ పక్కన కూర్చుని, "కాలు నిలబడితే ఈసారి అరకెల్లి సూద్దాం అమ్మీ. ఇన్నేళ్ళయి పక్కనే ఉండి సూల్లేదు," అంటూనే ఉంది.

మంగళవారం పొద్దున్న అప్పని లోపలికి తీసుకెళ్ళారు. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. బావ కాళ్ళు ఊపుకుంటూ, గోడమీద దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంటూ ఉన్నాడు. ఎంతోసేపు కాలేదు, డాక్టరు చంద్రశేఖరంగారు మూతి గుడ్డ కిందికి లాక్కుని బయటికొచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉంది. దాని మూతి ముడుచుకుపోయి, అంచు వెంట సన్నగా మసి గీత ఉంది. ఆ కొవ్వొత్తి గీత నాకు తెలుసు.

"ఇది ఎవరు విప్పారు?" అన్నారు డాక్టరుగారు.

మా బావ లేచి నిలబడ్డాడు. దాచుకుంటాడేమో అనుకున్నాను. దాచుకోవడమా! ఛాతీ విరుచుకున్నాడు. "నానే బాబూ. మంచిపని సేసేను. మీరు సూసేరో లేదో, లోపలంతా బూజు పట్టీసున్నాది. తెల్లగా పొడి. పాత సరుకు అంటగట్టేడు ఆ డీలరు. పైన తొడుగు లాగి, పొడి గుడ్డెట్టి శుభ్రంగా తుడిసీసి, పసుపునీళ్ళు సిలకరించి, మల్లా సీలేసేను. ఇప్పుడు అద్దంలాగున్నాది, సూడండి."

మీలో చింతపండు వ్యాపారం చేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. నిలవ సరుకు మీద తెల్లగా పొడి వస్తే అది బూజు. గుడ్డెట్టి తుడిచి, కొత్తదని అమ్మెయ్యాలి. జీవితమంతా చేసిన పని అదే. పూత అంటే నూనెలాగ తడిగా, జిడ్డుగా ఉంటుందనుకున్నాడట మా బావ. పొడిగా, తెల్లగా కనిపించగానే చెయ్యి దాని పని అది చేసేసింది.

డాక్టరుగారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఆ తెల్లపొడేనండీ మందు," అన్నారు.

నేనూరుకోలేదు. ఆసుపత్రి అని చూడలేదు, జనం చూస్తున్నారని చూడలేదు. "నీ సెయ్యి ఇరిగిపోనూ! తెల్లారితే సాలు, ఎవరి బుట్టలో సెయ్యెడదామా అనే కదా నీ బతుకు! ఆకరికి మా అప్ప మందు కూడా దులిపీసేవు కదరా!" అని అరిచేశాను. బావని ఏరా అనడం ఎక్కడా లేదు. ఆ రోజు అన్నాను. దానికి ఆయన ఇచ్చిన జవాబు వినండి. "కంపెనీవోడు ముందే సెప్పాల కదా, తెల్లగుంటాదని." అదీ మా బావ.

ఇంకో బెలూన్ ఊళ్ళో లేదు. బొంబాయి నుంచి రావాలి. వారమన్నా పడుతుందన్నారు డాక్టరుగారు. లోపల అప్ప బల్ల మీదే ఉంది కనక, ఈ లోపు మామూలు బెలూన్‌తో దారి తెరిచి ఉంచుతానన్నారు. "ఆ వారం నిలబడితే చాలు," అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. అప్పని వార్డులోకి తెచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి బావ ఎక్కడా కనపడలేదు. మర్నాడు మునిగుడలో సంత. సంతకి పోయాడనుకున్నాను. అనుకోవడమేమిటి, పక్క మంచాల వాళ్ళకీ నర్సులకీ అందరికీ చెప్పాను కూడా. పెళ్ళాం కాలు పోతుంటే చింతపండు పిసుక్కోడానికి పోయిన మొగుణ్ణి ఎక్కడైనా చూశారా అని అడిగాను.

మర్నాడు మధ్యాన్నం దాటాక వచ్చాడు. జుట్టు రేగిపోయి, చొక్కా నలిగిపోయి ఉంది. రాత్రంతా రైలు, మళ్ళీ రైలు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంది, పసుపుపొడి పోసేలాంటిది. మూతి కొవ్వొత్తి మంట మీద అతికించి ఉంది. లోపల ఆయన కండువా మడతపెట్టి ఉంది. వార్డు దాటి తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

సంచీని బల్ల మీద రెండు చేతులా పెట్టాడు. "దీనెట్టే తుడిసేను బాబూ," అన్నాడు. "ఉతకనియ్యలేదు. దులపలేదు. గాలి తగల్నియ్యలేదు. మందంతా ఇందులోనే ఉన్నాది. మల్లా రాయలేరా?"

డాక్టరుగారు ఆ సంచీ వైపు చూశారు, ఆయన వైపు చూశారు. "అలా కుదరదండీ," అన్నారు మెల్లగా.

"సీలు నానే ఏసేను. ఇందులో కల్తీ లేదు బాబూ."

ఇలా అన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ చేతులు సంచీని డాక్టరుగారి వైపు ఇంకాస్త జరిపాయి. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈ మనిషిని ఇన్నేళ్ళూ చీదరించుకుంటూ హాయిగా ఉన్నాను, ఇప్పుడు జాలి కూడా పడాలా? డాక్టరుగారు ఆ సంచీని వెనక్కి ఇవ్వలేదు. తీసి సొరుగులో పెట్టుకున్నారు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ వారం నిలబడలేదు. నాలుగోరోజుకే అప్పకి జ్వరం పట్టుకుంది. కాలు మళ్ళీ చల్లబడింది, నలుపు పాదం మీదికి పాకింది. బొంబాయి పెట్టె వచ్చేదాకా ఆగితే మనిషే దక్కదన్నారు. మోకాలి కింద తీసేశారు. పెట్టె ఆ తరవాత వచ్చింది, దాన్ని అలాగే వెనక్కి పంపేశారు. మెలకువ వచ్చాక అప్ప దుప్పటి తడుముకుని చూసుకుంది. ఏడుస్తుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "మీ బావ నా దగ్గిర కూడా మచ్చు తీసుకున్నాడే అమ్మీ," అంది. ఏడ్చింది నేను.

మునిగుడ వచ్చాక అప్ప వెనక వసారాకి వెళ్ళడం కుదరలేదు. మెట్లు దిగాలి. అందుకని కుర్చీ కొట్లోనే, గల్లాపెట్టె పక్కన వేశారు. చంక కింద పెట్టుకునే కర్ర పక్కన ఆనించి ఉండేది. అప్ప బావతో మాట్లాడేది కాదు. అన్నం పెట్టించేది, మందులు వేసుకునేది, వీధిలోకి చూస్తూ కూర్చునేది. ఈయన కాటా చుట్టూ తిరుగుతూ, దొంగచూపులు చూస్తూ వ్యాపారం చేసుకునేవాడు. నేను నాలుగు రోజులుందామని ఉన్నాను. ఇంతలో సంత వచ్చింది.

ఆ రోజు ఒక కోదు ముసలావిడ చింతపండు బుట్ట దించింది. నేనక్కడే ఉన్నాను. ఇంత జరిగింది కదా, బుద్ధి వచ్చుంటుందని మీరనుకుంటారు. "దెఖిబా, దెఖిబా," అని ఆ చెయ్యి మామూలుగానే లేచింది. అలవాటు అలాంటిది. బుట్ట మీదకి వచ్చేసరికి మధ్యలో కర్ర అడ్డం పడింది. అప్ప కుర్చీలోంచి వంగి, కర్రని బుట్ట అంచు మీద అడ్డంగా పెట్టి పట్టుకుంది.

"సెయ్యి తియ్యి," అంది.

పెళ్ళైన నాటినుంచి 'మీరు' తప్ప అనని మనిషి. వీధిలో జనం ఉన్నారు. కాటా దగ్గర కూలీలు ఉన్నారు. ముసలావిడకి తెలుగు రాదు, కానీ సంగతి తెలిసింది, బుట్టని రెండు చేతులా పట్టుకుంది. మా బావ అప్ప మొహంలోకి చూశాడు. తరవాత చూపు కిందికి దిగి, చీర కుచ్చెళ్ళ కింద ఖాళీగా ఉన్నచోట ఆగింది. చెయ్యి తీశాడు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కండువా కోసం భుజం తడుముకున్నాడు. అక్కడ కండువా లేదు. బుట్ట మొత్తం కాటాకెక్కింది, పిడికెడు తగ్గకుండా.

ఆ రేకు డబ్బాలో ఇప్పుడు అప్ప తమలపాకులు పెట్టుకుంటోంది. పసుపు సంచుల సంగతి మాత్రం నాకు తెలియదు, నేనడగలేదు.

మన్మథరావుగారూ, మీరు నాలుగు మంచి మాటలు అడిగారు. నా దగ్గర ఒక్కటే ఉంది, రాసుకోండి. మా బావ ఢిల్లీశ్వరరావు ఇప్పుడు ఎవరి బుట్టలోనూ చెయ్యి పెట్టడు. ఆ ఒక్క బుద్ధి రావడానికి మా అప్ప కాలు పట్టింది. అది కూడా వెయ్యండి.